స్కైలాబ్ పత్తా



2022 డిసెంబర్ 7న మన వికారాబాద్ జిల్లాలో, మర్పల్లి మండలం మొగిలిగుండ్ల ఊరి పొలాల్లో ఆకాశం నుంచి ఒక పెద్ద యంత్రం దిగింది. చూడ్డానికి గుండ్రంగా ఉంది. ఇంతకు ముందు ఎవరూ చూసిన వస్తువు కాదు. చేతిలో పనులు వదిలేసి జనం పరుగెత్తారు. గ్రహాంతరవాసులు దిగారన్న మాట మధ్యాహ్నానికి మా తాండూరు దాకా వచ్చేసింది. అసలు సంగతి తర్వాత తెలిసింది. హైదరాబాద్‌లోని టాటా ఇన్‌స్టిట్యూట్ వారి బెలూన్ కేంద్రం నుంచి ఎగరేసిన పెద్ద బెలూన్‌కు ఆ యంత్రాన్ని కట్టారు. హాలో స్పేస్ అనే స్పెయిన్ కంపెనీ ముందు ముందు యాత్రికులను ఆకాశంలోకి తీసుకుపోవాలని చేసుకున్న తొలి పరీక్ష అది. మనుషులెవరూ లేకుండా దాదాపు 37 కిలోమీటర్ల ఎత్తుకు పోయి, నాలుగు గంటలకు పైగా పైన ఉండి, మన పొలాల్లో వచ్చి దిగింది.

ఆ రోజు సెల్‌ఫోన్‌లో ఆ యంత్రం ఫోటో చూడగానే నేను లేచి బీరువా మీది రేకు డబ్బా దించాను. ఒకప్పటి బిస్కెట్ డబ్బా అది. మూత తీసి, అడుగున ఉన్న ఒక పత్తాను బయటికి తీశాను. అగ్గిపెట్టె మీది కాగితం. మూడు వేళ్ల వెడల్పు కూడా ఉండదు. ఎర్రటి నేల మీద తెల్లటి రాకెట్టు, దాని కింద పసుపుపచ్చ మంట. శివకాశి వైపు ఎక్కడో అచ్చయి ఉంటుంది. మేము దాన్ని స్కైలాబ్ పత్తా అనేవాళ్లం. ఈ పూట ఆ పత్తా గురించి, దాని లాంటి పత్తాల గురించి, వాటిని దాచిపెట్టుకునే మనుషుల గురించి మీతో మాట్లాడాలని వచ్చాను.

1979లో నేను మూడో తరగతి. పత్తాలాట అప్పుడు తాండూరులో ప్రతి గల్లీలో ఉండేది. కోస్తా వైపు దీన్నే బచ్చాలాట అంటారు. ఖాళీ సిగరెట్ డబ్బా ముందు భాగాన్ని, అగ్గిపెట్టె మీది బొమ్మను చింపి పత్తా చేసేవాళ్లం. నేల మీద గిరి గీసి, తలా కొన్ని పత్తాలు మధ్యలో పేర్చి, దూరంగా గీత మీద నిలబడి బిళ్ల విసిరేవాళ్లం. గిరి దాటి బయట పడ్డ పత్తాలన్నీ విసిరినవాడివి. బిళ్ల విషయంలో మాత్రం మా ఊరి పిల్లలతో ఇంకెవరూ సాటి రారని ఇప్పటికీ నా నమ్మకం. బండలు కొట్టేచోట పారేసిన నీలిబండ పెచ్చు మా చేతికి దొరికేది. పలుచగా, చదునుగా, అంచు నునుపుగా ఉండి, గాల్లో వంకర పోకుండా నేరుగా వెళ్లి పడేది.

ప్రతి పత్తాకు ఒక విలువ ఉండేది. చార్మినార్ సిగరెట్ పత్తా అన్నింటికంటే తక్కువ. హైదరాబాద్‌లో వజీర్ సుల్తాన్ కంపెనీవాళ్లు చేసే ఆ సిగరెట్టు ప్రతి పాన్‌డబ్బా ముందు, ప్రతి చెట్టు కింద దొరికేది. కాబట్టి చార్మినార్ ఇరవై ఇస్తేగానీ మంచి పత్తా ఒకటి రాదు. ఎక్కువ విలువ స్టేషన్‌లో దొరికే పత్తాలది. సికింద్రాబాద్ నుంచి వాడి జంక్షన్‌కు పోయే పట్టాలు 1874లో నిజాం కాలంలో పడ్డాయి. ఆ దారిన బొంబాయి బండ్లు మా ఊరి మీదుగా పోతాయి. బండి కదలగానే ప్లాట్‌ఫారం చివరికి పరుగెత్తి, కిటికీలోంచి ఎవరో పారేసిన పరదేశం సిగరెట్ డబ్బాను ఏరుకున్న రోజున మాకు బడి గుర్తుకు వచ్చేది కాదు. ఏ వస్తువు అరుదో, దేనికి ఎంత ఇవ్వాలో, డబుల్ వచ్చినప్పుడు ఎవరితో మార్చుకోవాలో మాకు ఎవరూ నేర్పలేదు. ప్రపంచంలో ఎక్కడ కార్డులు పోగుచేసేవాళ్లను చూసినా ఆ లెక్కలే కనిపిస్తాయి.

ఆ జూలై నెలలో స్కైలాబ్ భయం పట్టుకుంది. ఈనాటి పిల్లలకు చెప్తే నమ్మరు. అమెరికావాళ్లు పైకి పంపిన ప్రయోగశాల భూమి మీద పడబోతోందని రేడియోలో, పేపర్లో వస్తే తెలుగునాట ఊళ్లకు ఊళ్లు వణికిపోయాయి. పోయేవాళ్లం ఎలాగూ పోతామని కోళ్లను, మేకలను కోసుకు తిన్నవాళ్లున్నారు. మా అవ్వ రాత్రి మమ్మల్ని ఆరుబయట పడుకోనివ్వలేదు. అది జూలై 11న హిందూ మహాసముద్రంలోనూ, పడమటి ఆస్ట్రేలియాలోనూ పడింది. అక్కడి ఎస్పెరాన్స్ అనే ఊరివాళ్లు తమ నేల మీద చెత్త పోసినందుకు నాసాకు 400 డాలర్ల జుర్మానా వేశారు.

ఆ పదిహేను రోజులూ మా గల్లీలో ఆ రాకెట్ పత్తాకు వచ్చిన విలువ అంతా ఇంతా కాదు. దాని మీద స్కైలాబ్ బొమ్మ లేదు. స్కైలాబ్ ఎలా ఉంటుందో మాలో ఎవరూ చూడలేదు కూడా. అయినా రాకెట్టు పైకి పోయేది కాబట్టి అదే స్కైలాబ్ అని మేమే తీర్మానించుకున్నాం. నా దగ్గరున్న పత్తా కోసం ఒక స్నేహితుడు రెండు గోటీలు, పాతిక చార్మినార్లు ఇస్తానన్నాడు. నేను ఇవ్వలేదు. ఈ నలభై అయిదేళ్ల పైచిలుకులో ఇల్లు మారాం, ఉద్యోగాలు మారాయి, ఆ పత్తా మాత్రం నా దగ్గరే ఉంది. దాన్ని చూసినప్పుడల్లా మా అవ్వ ఆ రాత్రి వేసిన తలుపు గడియ చప్పుడు నాకు వినపడుతుంది.

కొన్నేళ్లు గడిచాక నాకు తెలిసింది, ఇలాంటి పత్తాలను ఒక పెద్ద కళగా చేసినవాళ్లు ప్రపంచంలో ఇంకా ఉన్నారని.

మొదట్లో అమెరికాలో సిగరెట్ డబ్బా నలగకుండా లోపల ఒక గట్టి అట్టముక్క పెట్టేవారు. 1880ల నాటికి ఆ ఖాళీ అట్ట మీద బొమ్మ వేస్తే గిరాకీ పెరుగుతుందని కంపెనీలకు తోచింది. ఆటగాళ్లు, పక్షులు, జెండాలు వచ్చాయి. తర్వాత సిగరెట్ స్థానంలోకి చూయింగ్ గమ్ వచ్చింది, చాక్లెట్ వచ్చింది, టీ పొట్లం వచ్చింది. అలా బొమ్మ పిల్లల చేతికి చేరింది. పిల్లల చేతికి చేరాక అది ఎక్కువకాలం నేల మీద నిలవలేదు. చంద్రుడి మీదికి, అంగారకుడి మీదికి పోయింది.

ఫ్రాన్స్‌లో 1900 నాటి పారిస్ ప్రదర్శన కోసం జాఁ మార్క్ కోతే అనే చిత్రకారుడు, ఆయనతో పాటు మరికొందరు, వందేళ్ల తర్వాత, అంటే 2000 సంవత్సరంలో లోకం ఎలా ఉంటుందో బొమ్మలు వేశారు. సిగరెట్ పెట్టెల్లో వేసేందుకు, పోస్టుకార్డుల కోసం వేసిన బొమ్మలవి. ఒకదానిలో మంటలు ఆర్పేవాళ్లు రెక్కలు కట్టుకుని ఎగిరి వస్తారు. మరో దానిలో సముద్రంలో తిమింగలానికి బస్సు కట్టి జనాన్ని తీసుకుపోతుంటారు. నాకు అన్నింటికంటే నచ్చింది బడి బొమ్మ. పంతులు పుస్తకాలను ఒక యంత్రంలో వేస్తుంటాడు, పక్కన ఒక పిల్లవాడు దాని పిడి తిప్పుతుంటాడు. పుస్తకంలోని చదువంతా తీగల వెంట పోయి, వరుసగా కూర్చున్న పిల్లల చెవుల్లోకి చేరుతుంటుంది. ఇప్పుడు ఈ ప్రసంగాన్ని చెవిలో తీగ పెట్టుకుని వింటున్నవాళ్లు మీలో ఎందరో ఉండి ఉంటారు. ఆ చిత్రకారుడు మిమ్మల్ని చూసే వేశాడా అనిపిస్తుంది నాకు. పంతులు బట్టలు మాత్రం 1900 నాటివే. వందేళ్ల తర్వాతి యంత్రాన్ని ఊహించగలిగిన మనిషికి వందేళ్ల తర్వాతి చొక్కా తట్టలేదు. అందుకే ఈ కార్డుల్లో రాబోయే కాలంతో పాటు, ఆ బొమ్మ వేసిన నాటి ఇల్లు, బడి, మీసకట్టు కూడా నిలిచిపోయాయి. ఆ బొమ్మలు చాలాకాలం జనం కంటపడలేదు. సైన్స్ కథలు రాసిన ఐజాక్ అసిమోవ్ చేతికి ఒక సెట్టు వచ్చి, ఆయన 1986లో తన వ్యాఖ్యతో పుస్తకంగా వేయించాక గాని లోకానికి తెలియలేదు.

ఇక అమెరికాలో 1962లో టాప్స్ అనే చూయింగ్ గమ్ కంపెనీ మార్స్ అటాక్స్ అని ఒక సెట్టు తెచ్చింది. మొత్తం 55 కార్డులు. అంగారకుడి మీద నుంచి పెద్ద తలకాయల జీవులు వచ్చి భూమి మీద పడడం, ఊళ్లు తగలబెట్టడం, ఆఖరికి మనవాళ్లు తిరగబడి అక్కడిదాకా పోయి వాళ్ల గ్రహాన్నే పేల్చేయడం కథ. వుడీ గెల్మన్, లెన్ బ్రౌన్ కథ అల్లారు. వాలీ వుడ్, బాబ్ పావెల్ గీతలు గీశారు. చవక పత్రికల ముఖచిత్రాలు వేసి చేయి తిరిగిన నార్మన్ సాండర్స్ రంగులు వేశాడు. అయిదు సెంట్లకు అయిదు కార్డులు. కార్డు ముందు బొమ్మ, వెనక కథ. కథ అయిపోగానే కింద తర్వాతి కార్డు పేరు. ఆ కార్డు చేతిలో లేని పిల్లవాడి అవస్థ మన తెలుగువాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. 1954లో దాసరి సుబ్రహ్మణ్యం గారు చందమామలో తోకచుక్క సీరియల్ మొదలుపెట్టింది లగాయతు, నెల నెలా ఆ అవస్థ పడ్డ ఇళ్లు మనకు లెక్కలేనన్ని. సీరియల్ పేజీలు జాగ్రత్తగా విడదీసి, సూదీదారంతో కుట్టి బైండు చేసుకున్నవాళ్లూ మనకున్నారు. సెట్టు పూర్తి చేయాలనే ఆరాటం వాళ్లదీ మనదీ ఒకటే.

ఆ మార్స్ అటాక్స్ కార్డుల్లో రక్తపాతం ఎక్కువ. ఇంటి కుక్కను చంపే బొమ్మ కూడా ఉంది. తల్లిదండ్రులు గోల పెట్టారు, ఒక ప్రభుత్వ న్యాయవాది కూడా అభ్యంతరం చెప్పాడు. కంపెనీ వెనక్కి తగ్గి అమ్మకం ఆపేసింది. దేశమంతా చేరకముందే ఆగిపోయింది కాబట్టే ఆ సెట్టు ఇప్పుడు అంత అరుదు. 1996లో దాని మీద టిమ్ బర్టన్ సినిమా కూడా తీశాడు. ఆ తల్లిదండ్రుల మీద నాకు కోపం లేదు. నాకూ మనవలున్నారు. అయితే ఆ బొమ్మలను చించి పొయ్యిలో వేసినవాళ్లు, అణుబాంబు భయంతో బతికిన ఒక తరం పిల్లల మనసును కూడా వాటితో పాటు పొయ్యిలో వేశారని నా అభిప్రాయం. మనకు స్కైలాబ్ నాటి రాత్రులు ఎలాంటివో, వాళ్లకు 1962 అలాంటిది.

ఆ తర్వాతి పెద్ద సెట్టు స్టార్ వార్స్. సినిమా 1977 మేలో వచ్చింది, కార్డులు ఆ ఏడే వచ్చాయి. మొదటి వరుస నీలి అంచుతో 66 కార్డులు. పిల్లలు ఎగబడడంతో ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నారింజ అంచులతో ఒకదాని వెంట ఒకటి వేశారు. అయిదు రంగులూ కలిపితే 330. నా దగ్గర నీలి అంచువి తొమ్మిది ఉన్నాయి. అమెరికాలో ఉద్యోగం చేస్తున్న మా చెల్లెలి కొడుకు ఒకసారి వచ్చేటప్పుడు, మామయ్యకు ఏం తేవాలని అడిగి, అక్కడి పాత సామాన్ల సంతలో కొనుక్కొచ్చాడు. ఒకదాని వెనక లేత గులాబీ మరక ఉంది. పొట్లంలో కార్డును ఆనుకుని ఉన్న చూయింగ్ గమ్ వదిలిన మరక అది. కొనేవాళ్లు దాన్ని లోపం అంటారట, ధర తగ్గిస్తారట. నాకు మాత్రం ఆ మరకే ముద్దు. ఎవరో పిల్లవాడు పదిహేను సెంట్లు పెట్టి విప్పిన పొట్లం అని సాక్ష్యం చెప్పేది ఆ మరకే కదా.

మీకు బాగా తెలిసిన ఒక పేరు చెప్తాను. బ్రూక్ బాండ్. మన ఇళ్లలో పొద్దున్నే చాయ్ కాచే బ్రూక్ బాండే. ఆ కంపెనీ ఇంగ్లండులో 1954 నుంచి టీ పొట్లాల్లో బొమ్మల కార్డులు వేసేది. 1971లో అంతరిక్షంలోకి పరుగుపందెం అనే అర్థం వచ్చే పేరుతో 50 కార్డుల సెట్టు వేసింది. దానికి ఏడేళ్ల ముందు మరో కంపెనీ సిగరెట్ ఆకారంలో ఉండే చక్కెర మిఠాయి డబ్బాల్లో డాక్టర్ హూ, డాలెక్ యంత్రాల కథను 50 కార్డుల్లో ఇచ్చింది. ఒక ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు వెతుకుతుంటే, ఒక ఇంగ్లీషు నిఘంటువు పేజీల మధ్య ఆ బ్రూక్ బాండ్ రాకెట్ కార్డు దొరికింది. అది అక్కడికి ఎట్లా వచ్చిందో ఆ అమ్మే అన్నకు తెలియదు. నిఘంటువు నాకు అవసరం లేదు. కార్డు కోసం నిఘంటువు కొన్నాను.

మరి మనకు ఇలాంటి సెట్లు ఉన్నాయా అని మీరు అడగవచ్చు. గమ్ పొట్లాల్లో క్రికెట్ ఆటగాళ్లు వచ్చారు, తర్వాత కుస్తీ వీరుల ట్రంప్ కార్డులు వచ్చాయి, ఇంకా తర్వాత చిప్స్ ప్యాకెట్లలో గుండ్రటి టాజోలు వచ్చాయి. రాకెట్ల కార్డులు మాత్రం నా చిన్నప్పుడు మా దుకాణాల్లో లేవు. లేకపోయినా మేము ఊరుకోలేదు. దొరికిన కాగితంతో మా సెట్టు మేమే కట్టుకున్నాం.

మొదటిది తపాలా బిళ్ల. 1969 జూలైలో మనిషి చంద్రుడి మీద కాలు పెడితే, ఆ నవంబర్‌లోనే మన తపాలా శాఖ 20 పైసల బిళ్ల వేసింది. 1975 ఏప్రిల్ 19న ఆర్యభట ఉపగ్రహం సోవియట్ నేల మీద నుంచి పైకి పోతే, మర్నాడే 25 పైసల బిళ్ల వచ్చింది. 1984 ఏప్రిల్ 3న, మన హైదరాబాద్‌లో చదువుకున్న రాకేశ్ శర్మ అంతరిక్షంలోకి పోయిన రోజున, 3 రూపాయల బిళ్ల వేశారు. ఈ మూడు బిళ్లలనూ ఒక వరుసలో పెట్టి చూడండి. మొదటిదానిలో మనం చూసేవాళ్లం. రెండోదానిలో మన వస్తువు పోయింది. మూడోదానిలో మన మనిషి పోయాడు. పదిహేనేళ్లలో జరిగిన ప్రయాణం మూడు కాగితం ముక్కల్లో కనిపిస్తుంది.

రెండోది సోవియట్ భూమి పత్రిక. తెలుగులో వచ్చేది. ఆ నున్నటి కాగితం మా పుస్తకాలకు అట్టలు వేయడానికే పుట్టిందని ఊళ్లో అందరి నమ్మకం. గగారిన్, తెరెష్కోవా, సోయుజ్ నౌకలు అన్నీ మా లెక్కల పుస్తకం, సైన్సు పుస్తకం అట్టల మీద నలిగి చిరిగిపోయాయి. నేను మాత్రం అట్ట వేసే ముందు కత్తెరతో బొమ్మ తీసి, పాత పెళ్లిపత్రిక అట్ట మీద అన్నంమెతుకులతో అంటించేవాణ్ణి. వెనక నాకు తోచిన వివరం రాసేవాణ్ణి. అలా చేసినవి 31 అయ్యాయి. వాటికి నంబర్లు కూడా వేశాను. వాటిలో ఇప్పుడు 14 మిగిలాయి. అన్నంమెతుకుల రుచి పురుగులకు తెలిసి మిగతావి తినేశాయి.

మూడోది ఫిలిం ముక్క. 1991లో సింగీతం శ్రీనివాసరావు గారి ఆదిత్య 369 వచ్చేసరికి నేను పెద్దవాణ్ణే. అయినా మా చిన్న తమ్ముడు ఎక్కడి నుంచో తెచ్చిన ఆ సినిమా ఫిలిం ముక్కను లాక్కున్నంత పని చేశాను. అందులో కాలయంత్రం ఉంది. మాడిపోయిన బల్బు మూతి తీసి, నీళ్లు నింపి, అద్దంతో ఎండను దానిలోకి కొట్టించి, ముందు ఫిలిం ముక్క పెడితే చీకటి గదిలో గోడ మీద బొమ్మ పడేది. మా నీలిబండల గోడ మీద ఆ కాలయంత్రం పడిన మధ్యాహ్నం నాకు ఏ టాకీసూ ఇవ్వలేని ఆనందం ఇచ్చింది.

ఇక దాచుకోవడం గురించి రెండు ముక్కలు చెప్పాలి. ఈ విషయంలో నేను చేసిన తప్పులు మీరు చేయకండి.

స్కైలాబ్ పత్తాకు రెండు పక్కలా లోపలికి నొక్కుకున్న గీత ఉంది. రబ్బరు బ్యాండు చేసిన గాయం అది. కట్ట పైనే కనబడాలని ఆ పత్తాను అన్నింటికంటే మీద పెట్టి బ్యాండు వేసేవాణ్ణి. అమెరికా పిల్లలూ అదే చేశారు. అందుకే అక్కడి పాత సెట్లలో ఒకటో నంబరు కార్డు, ఆఖరు నంబరు కార్డు మంచి స్థితిలో దొరకడం కష్టమంటారు. లోపలివాటిని కాపాడుతూ ఆ రెండే దెబ్బ తిన్నాయి. ఆఖరి కార్డు మీద సాధారణంగా సెట్టు జాబితా ఉంటుంది. పిల్లలు తమ దగ్గరున్న నంబర్ల పక్కన పెన్నుతో టిక్కు పెట్టుకునేవారు. టిక్కు లేని జాబితా కార్డుకు ఇప్పుడు ధర ఎక్కువ. నేనైతే టిక్కులున్నదే కొంటాను. ఏ పిల్లవాడికి ఏ నంబరు దొరకలేదో దాని మీద తెలుస్తుంది.

మన ఎండలకు రబ్బరు కరిగి కాగితానికి అంటుకుపోతుంది. కాబట్టి బ్యాండు వద్దు. సెల్లోటేపు వద్దు. లామినేషన్ అసలే వద్దు. చంద్రుడి మీది మనిషి బిళ్ల ఒకటి పోతుందేమోనన్న భయంతో ఒక దుకాణంలో లామినేషన్ చేయించాను. వేడికి రంగు మారింది, లోపల గాలి బుడగలు వచ్చాయి, ఇక దాన్ని విడదీసే దారి లేదు. కాపాడాలనుకుని నా చేతులతో నేనే పాడు చేశాను. తాండూరులో ఉన్నవాళ్లకు ఇంకో మాట. మన గాలిలో సన్నటి బండపొడి, సిమెంటు ధూళి ఉంటాయి. కార్డు మీద దుమ్ము కనబడగానే గుడ్డతో రుద్దితే ఆ పొడి మెరుపును గీసేస్తుంది. మెత్తటి పొడి కుంచెతో మెల్లగా ఊడ్చాలి. డబ్బాను వానాకాలంలో బండ మీద పెట్టకూడదు. బండ చల్లబడి తేమ పట్టి, ఆ తేమ రేకులోకి, రేకులోంచి కాగితంలోకి పోతుంది. కింద ఒక చెక్కముక్క చాలు. వేపాకు వేస్తే పురుగు రాదని అమ్మ చెప్పేది. నిజమే, అయితే ఆకును కాగితానికి తగలనివ్వకండి, మరక పడుతుంది. ప్లాస్టిక్ తొడుగు వాడితే, వాసన వచ్చే మెత్తటి పీవీసీ కాకుండా, గట్టి పాలీప్రొపిలీన్ తొడుగు అడిగి తీసుకోండి.

ధరల సంగతి ఎక్కువగా చెప్పను. అమెరికాలో కార్డుకు ఒకటి నుంచి పది దాకా మార్కులు వేసి, గట్టి ప్లాస్టిక్ పెట్టెలో మూసి సీలు వేసే సంస్థలున్నాయి. లక్షలు పెట్టి కొనేవాళ్లకు దొంగ కార్డు భయం ఉంటుంది కాబట్టి అది వాళ్లకు అవసరమే. కొత్తగా అచ్చువేసిన మార్స్ అటాక్స్ కార్డులు కూడా సంతలో చాలా ఉన్నాయి. వాటిని పాతవని నమ్మి కొనకండి. అయినా నా మనసులో మాట చెప్పాలి. సీలు వేసిన కార్డును వేళ్లతో పట్టుకోలేం, కాగితం వాసన చూడలేం, పక్కింటి పిల్లవాడి చేతికి ఇచ్చి చదివించలేం. చేతులు మారడం కోసం పుట్టిన వస్తువు అది. నేను ఇప్పటిదాకా ఒక్క కార్డు కూడా అమ్మలేదు. మార్చుకున్నవి మాత్రం చాలా ఉన్నాయి. గుల్బర్గాలో ఒక పెద్దాయన దగ్గర కన్నడ అక్షరాలున్న అగ్గిపెట్టె పత్తాలు ఉంటే, నా డబుల్స్ ఇచ్చి తెచ్చుకున్నాను. ఆయన కన్నడంలో, నేను తెలుగులో, ఇద్దరం ఉర్దూలో మాట్లాడుకున్నాం.

చివరిగా మన ఊళ్ల సంగతి. హైదరాబాద్ నుంచి ఎగిరే బెలూన్లు మన ఆకాశానికి కొత్త కాదు. 2005 ఏప్రిల్‌లో అక్కడి నుంచి ఎగిరిన ఒక బెలూన్ 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తుల్లో గాలిని గొట్టాల్లో పట్టి తెచ్చింది. ఆ గాలిని హైదరాబాద్‌లో సీసీఎంబీవాళ్లు, పూణేలో మరో సంస్థవాళ్లు పరీక్షిస్తే, అంతకు ముందు ఎవరికీ తెలియని మూడు రకాల బాక్టీరియా బయటపడ్డాయి. 2009లో వాటి సంగతి ప్రకటించారు. ఒకదానికి మన ఇస్రో పేరు పెట్టారు, ఒకదానికి ఆర్యభట పేరు పెట్టారు, మూడోదానికి ఫ్రెడ్ హాయిల్ పేరు పెట్టారు. ఆయన ఖగోళ శాస్త్రవేత్త. 1957లో ది బ్లాక్ క్లౌడ్ అనే సైన్స్ నవల రాసినవాడు కూడా. మన తలల మీద అంత ఎత్తున ప్రాణమున్న వస్తువులు తేలుతున్నాయి, వాటిలో ఒకదానికి సైన్స్ నవలాకారుడి పేరు ఉంది. ఇంతకంటే మంచి కార్డు ఏ చిత్రకారుడు వేయగలడు? అయినా దాని మీద ఒక్క పత్తా రాలేదు. ఏ అగ్గిపెట్టె మీదా, ఏ బిస్కెట్ పొట్లంలోనూ రాలేదు.

మొగిలిగుండ్ల సంగతి కూడా అట్లాగే పోతుందేమోనని నా బెంగ. ఆ రోజు అక్కడ చేరిన జనంలో సెల్‌ఫోన్ లేనివాళ్లు తక్కువ. అందరూ ఫోటోలు తీశారు. ఫోన్ మారింది, ఫోటో పోయింది. 1979లో మా దగ్గర కెమెరా లేదు, ఒక అగ్గిపెట్టె కాగితం ఉంది. ఆ కాగితం మిగిలింది.

అందుకని మర్పల్లి, వికారాబాద్, తాండూరు వైపు వింటున్న అన్నలను, అక్కలను, బడిపిల్లలను ఒక్కటే అడుగుతున్నాను. ఆ రోజు ఫోటో మీ ఫోన్‌లో ఇంకా ఉంటే, దగ్గరలోని ఫోటో స్టూడియోకు పోయి పోస్టుకార్డంత సైజులో ప్రింటు వేయించండి. రెండు ప్రింట్లు వేయించండి, ఒకటి మీకు, ఒకటి మార్చుకోవడానికి. వెనక పెన్సిల్‌తో, పెన్నుతో కాదు, మీరు ఎక్కడ నిలబడి తీశారో, పక్కన ఎవరున్నారో, చూడగానే మీకు ఏమనిపించిందో రాయండి. అన్నింటికంటే పైన ఇట్లా రాయండి: ఒకటో నంబరు. మొగిలిగుండ్ల, మర్పల్లి మండలం. 2022 డిసెంబర్ 7.